ఐదు మిల్లీమీటర్ల గీత

పోయినేడు వానల్లో ఒక రాత్రి పదిన్నరకి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. ఎత్తగానే "ఒరేయ్, టాన్సిల్స్ మెదడులో ఉంటాయా?" అంది. వాళ్ళబ్బాయికి తొమ్మిదేళ్ళు. స్కూల్లో పడ్డాడు, రెండు రోజులు తలనొప్పి అన్నాడు, ఎందుకైనా మంచిదని ఎమ్మారై తీయించారు. దెబ్బ ఏమీ లేదని తేలింది. కానీ రిపోర్టు అడుగున ఇంకో వాక్యం ఉంది. సెరిబెల్లార్ టాన్సిల్స్ ఫోరమెన్ మాగ్నమ్ దాటి 6 మిల్లీమీటర్లు కిందికి ఉన్నాయి, కియారి మాల్‌ఫార్మేషన్ టైప్ 1 కావచ్చు అని. "గొంతులో ఉండాల్సినవి తలలోకి ఎట్లా పోయినయిరా?" అని అడుగుతుంటే అక్క గొంతు వణికింది.

నేను డాక్టర్ని కాను. మా ఇంట్లో ఏ పేరు కనపడినా దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వే పిచ్చి నాకుంది కాబట్టి నన్నడిగింది, అంతే. టాన్సిల్స్ సంగతి ఆ రాత్రే తేలిపోయింది. చిన్నమెదడు అడుగున రెండు పక్కలా రెండు చిన్న ముద్దలుంటాయి. గొంతులోని టాన్సిల్స్‌తో పోలిక చూసి శరీరశాస్త్రవేత్తలు వాటికీ అదే పేరు పెట్టారు. మిగతాది తేలడానికి నెలలు పట్టింది. ఈ కియారి ఎవరు, ఆ 6 ఎక్కణ్ణించి కొలిచారు, 6 అయితే ఎందుకు భయపడాలి అని వెతుక్కుంటూ పోతే ఒక వింత చరిత్ర దొరికింది. చాలాకాలం అందరూ జారిన మెదడునే చూస్తూ ఉండిపోయారు. దాన్ని పట్టి ఉంచాల్సిన ఎముక సంగతి బాగా ఆలస్యంగా గుర్తొచ్చింది.

ముందు ఆ ఎముక గురించి చెప్పాలి. పుర్రె అడుగున ఒక పెద్ద రంధ్రం ఉంటుంది. ఫోరమెన్ మాగ్నమ్ అంటే లాటిన్‌లో అర్థం కూడా అదే, పెద్ద రంధ్రం. అందులోంచే మెదడు కాండం కిందికి దిగి వెన్నుపాము అవుతుంది. రంధ్రానికి ముందు వైపు ఏటవాలుగా ఒక ఎముక ఉంటుంది, దాని పేరు క్లైవస్, అంటే వాలు. వెనక వైపు పెడతల ఎముక గిన్నెలా వంగి ఉంటుంది. ఈ వాలుకీ గిన్నెకీ మధ్య గదిలో చిన్నమెదడు కూర్చుంటుంది. గది కింద మెడలోని మొదటి పూస, అట్లాస్. ఆకాశాన్ని మోసే గ్రీకు వీరుడి పేరు అది. మనవాళ్ళు పెట్టి ఉంటే ఆదిశేషుడి పేరు పెట్టేవాళ్ళేమో. దాని కింద రెండో పూస, ఆక్సిస్. అందులోంచి పంటి ఆకారంలో ఒక మొన పైకి లేచి అట్లాస్ ఉంగరంలోకి దూరుతుంది. మనం 'కాదు' అని అడ్డంగా తల ఊపినప్పుడల్లా అట్లాస్ ఈ మొన చుట్టూనే తిరుగుతుంది.

పిల్లల్లో ఇదంతా ఇంకా కట్టుబడిలో ఉన్న ఇల్లు. పుట్టినప్పుడు పెడతల ఎముక ఒకటి కాదు, రంధ్రం చుట్టూ నాలుగు ముక్కలు, మధ్యలో మృదులాస్థి. చిన్నతనంలో ఒక్కొక్క ముక్కా అతుక్కుంటూ వస్తుంది. క్లైవస్ పై అతుకు మాత్రం కౌమారం దాకా తెరుచుకునే ఉండి, గదిని పెంచుతూ ఉంటుంది. అసలు విచిత్రం ఇంకోటుంది. పిండంలో ఈ పెడతల అడుగుభాగం తయారయ్యేది వెన్నుపూసలు తయారయ్యే కణజాలం నుంచే. ఒకరకంగా ఇది పుర్రెలో కలిసిపోయిన మెడ. ఆక్సిస్ మీది ఆ పంటి మొన కూడా నిజానికి అట్లాస్‌దే. అట్లాస్ నడుము భాగాన్ని కింది పూస లాగేసుకుంది.

ఇక్కడ గెటే గుర్తొస్తాడు. 1790లో వెనిస్ దగ్గర ఇసుకలో పగిలిన గొర్రె పుర్రె ఒకటి చూసి, పుర్రె అంతా మారిపోయిన వెన్నుపూసలే అని ఆయనకి మెరిసింది. 1858లో హక్స్‌లీ ఆ సిద్ధాంతాన్ని శాస్త్రీయంగా చిత్తు చేశాడు. చేయడం న్యాయమే, పుర్రె అంతటికీ అది వర్తించదు. కానీ పెడతల అడుగు వరకూ చూస్తే కవిదే గెలుపు. పుర్రె ఎక్కడ ముగిసి మెడ ఎక్కడ మొదలవుతుందో పిండానికే స్పష్టంగా తెలీదు. అట్లాస్ పుర్రెకి అతుక్కుపోయిన పిల్లలున్నారు, క్లైవస్ పొట్టిగా మిగిలిపోయిన పిల్లలున్నారు, పంటి మొన వెనక్కి వాలి మెదడు కాండాన్ని నొక్కే పిల్లలున్నారు. ఈ సరిహద్దు గందరగోళం గుర్తుంచుకుంటే మిగతా కథ తేలిక.

హాన్స్ కియారి 1851లో వియన్నాలో పుట్టాడు. (మనదగ్గర కొందరు డాక్టర్లు చియారీ అంటారు, ఇటాలియన్ మూలం ఉన్న పేరు కాబట్టి కియారి అనడమే సబబు.) తండ్రి కూడా డాక్టరే, కొడుకు పసివాడుగా ఉండగానే పోయాడు. ఆ రోజుల్లో వియన్నా అంటే శవపరీక్షల రాజధాని. రోకితాన్‌స్కీ అనే మహానుభావుడు వేల శవాలు కోసి, రోగం అంటే అవయవంలో కనిపించే మార్పు అని వైద్యానికి నేర్పాడు. ఆయన చివరి సహాయకుల్లో కియారి ఒకడు. 1882లో ప్రాగ్ విశ్వవిద్యాలయం జర్మన్, చెక్ భాషల పేరిట రెండుగా చీలినప్పుడు, జర్మన్ వైపు పాథాలజీ చూసుకోవడానికి అక్కడికి వెళ్ళాడు.

1891లో ఒక జర్మన్ వైద్య వారపత్రికలో ఆయన చిన్న వ్యాసం ఒకటి వచ్చింది. తలలో నీరు చేరిన రోగుల చిన్నమెదడులో తాను చూసిన మార్పుల్ని మూడు రకాలుగా విడదీశాడు. టాన్సిల్స్ మాత్రమే మెడలోకి దిగితే ఒకటో రకం. మెదడు కాండం, చిన్నమెదడు మధ్యభాగం కూడా దిగితే రెండోది, ఇది ఎక్కువగా వెన్ను తెరుచుకుని పుట్టిన బిడ్డల్లో, అంటే స్పైనా బైఫిడాలో. చిన్నమెదడు మెడ వెనక సంచిలోకే వచ్చేస్తే మూడోది. 1896లో ఇంకా పెద్ద వ్యాసం రాసి నాలుగోది కలిపాడు.

ఒకటో రకానికి ఆయన చూపించిన మనిషి పదిహేడేళ్ళ అమ్మాయి. టైఫాయిడ్‌తో చనిపోయింది. ఆమె తలలో నీరుంది, టాన్సిల్స్ మెడలోకి దిగి ఉన్నాయి, కానీ బతికుండగా వాటి వల్ల ఏ బాధా పడిన దాఖలా లేదు. ఇది చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. ఇవాళ ఎన్ని వేల ఇళ్ళలో నిద్ర పాడుచేస్తున్న జబ్బుకి మొట్టమొదటి నమూనా, ఆ జబ్బుతో ఏ ఇబ్బందీ పడని ఒక పిల్ల. పేరు కూడా మనకి మిగల్లేదు.

ఎందుకు దిగాయి అన్న ప్రశ్నకి కియారి జవాబు సూటిగా ఉంది. పైన నీరు ఎక్కువైంది, అది మెదడుని కిందికి తోసింది. తన ముందున్న శవాలన్నీ తలలో నీరున్నవే, ఇంకేమంటాడు! పుర్రె ఎముక సరిగ్గా పెరగకపోవడం అన్న మాట కూడా ఆయన రాతల్లో తొంగిచూస్తుంది గానీ, దాని వెంట ఎవరూ పోలేదు.

పేరు గొడవ క్లుప్తంగా చెప్పేస్తాను. 1883లోనే గ్లాస్గోలో జాన్ క్లేలాండ్ ఇలాంటి బిడ్డని వర్ణించాడు. కియారి ఆ సంగతి 1896లో నిజాయితీగా ఒప్పుకున్నాడు. 1894లో హైడెల్‌బర్గ్‌లో యూలియస్ ఆర్నాల్డ్ ఒకే ఒక్క శిశువుని వర్ణించాడు. 1907లో ఆర్నాల్డ్ శిష్యులు ష్వాల్బె, గ్రెడిగ్ తమ వ్యాసంలో గురువు పేరు ముందు పెట్టి, కియారి పేరు వెనక పెట్టారు. ఆర్నాల్డ్-కియారి అయింది. క్లేలాండ్ గాల్లో కలిసిపోయాడు. గురుభక్తి ఎంత దూరం వెళ్తుందో చూడండి, మన రిపోర్టుల్లో ఇప్పటికీ కొన్ని చోట్ల ఆర్నాల్డ్ పేరు కనిపిస్తుంది.

బతికున్న మనిషిలో ఈ జబ్బుని పట్టుకోవడం, కత్తి పెట్టడం 1930ల్లో మొదలైంది. నెదర్లాండ్స్‌లో వాన్ హౌవెనింగె గ్రాఫ్ట్‌డైక్, మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ ప్రయత్నించారు. మొదటి రోగులు దక్కలేదు. 1950 నాటికి క్లీవ్‌లాండ్‌లో గార్డ్‌నర్ 17 మంది పెద్దవాళ్ళకి ఆపరేషన్ చేసిన అనుభవం ప్రచురించాడు. రంధ్రం వెనక ఎముక కొంత తీసేసి చోటు చేయడం, సారాంశంలో ఇప్పటికీ అదే. గమనించండి, సర్జన్ చేయి అప్పటికే ఎముక మీదికి వెళ్ళింది. సిద్ధాంతం ఇంకా నీటి దగ్గరే ఉంది.

ఎముకని విడిగా చూసినవాళ్ళు ఎక్స్‌రే వాళ్ళు. వాళ్ళకి మెదడు కనపడదు, కాబట్టి ఎముకనే చూశారు! 1939లో అమెరికాలో ఛాంబర్లిన్ అనే రేడియాలజిస్టు, అంగిలి వెనక అంచు నుంచి పెద్ద రంధ్రం వెనక అంచుకి ఒక గీత గీశాడు. మామూలుగా పంటి మొన ఆ గీతకి కాస్త అటూఇటూగా ఆగాలి. అది బాగా దాటి పైకొస్తే మెడ పుర్రెలోకి చొచ్చుకొస్తోందని అర్థం. 1953లో మెక్రే ఇంకో గీత గీశాడు, రంధ్రం ముందు అంచు నుంచి వెనక అంచుకి. అట్లా పుర్రె-మెడ సరిహద్దుకి సర్వే మొదలైంది. అయితే ఎక్స్‌రే గదికీ కియారి శవపరీక్షకీ మధ్య మాటల్లేవు. ఒకే ఇంటి కథని ఇద్దరు వేరువేరు గుమ్మాల్లోంచి చూస్తున్నారు.

వాటిని కలిపింది చిట్టెలుకలాంటి జీవి, హ్యామ్‌స్టర్. 1981లో మారిన్-పాడియాల పేరు మీద ఒక ప్రయోగం అచ్చయింది. గర్భంతో ఉన్న హ్యామ్‌స్టర్లకి విటమిన్ ఎ మోతాదు మించి ఇస్తే, కొన్ని పిల్లల్లో క్లైవస్ పొట్టిగా, గది ఇరుకుగా తయారై, చిన్నమెదడు కిందికి దిగింది. మొదటి లోపం ఎముకదే అని వాళ్ళ వాదన. 1997లో జపాన్‌లో నిషికావా బృందం దాన్ని మనుషుల్లో కొలిచింది. కియారి ఒకటో రకం ఉన్న 30 మంది పెద్దవాళ్ళని, లేని 50 మందిని పోల్చింది. గదిలో ఉన్న మెదడు పరిమాణం ఇద్దరిలో దాదాపు ఒక్కటే. గది మాత్రం కియారి వాళ్ళది చిన్నది, పెడతల ఎముకే తక్కువ పెరిగింది. మెదడు మామూలు మెదడే, ఇల్లు చాలక గుమ్మంలో నిలబడింది.

రెండో రకం సంగతి ఇంకా తమాషా. 1989లో మెక్‌లోన్, నెప్పర్ కలిసి ఇలా ప్రతిపాదించారు. వెన్ను తెరిచి ఉన్న పిండంలో మెదడు చుట్టూ ఉండాల్సిన నీరు ఆ కంతలోంచి కారిపోతుంది. లోపల నీటి ఒత్తిడి లేకపోతే పుర్రె ఆ గదిని సాగదీసుకోదు. గాలి తగ్గిన బెలూన్ లాగా చిన్నగా ఉండిపోతుంది. తర్వాత చిన్నమెదడు పెరిగి, చోటు లేక, కిందికీ పైకీ పాకుతుంది. అంటే కియారి అనుకున్నదానికి పూర్తిగా తలకిందులు. ఆయన నీరు ఎక్కువై తోసిందన్నాడు, వీళ్ళు ముందు నీరు తక్కువైందన్నారు. తలలో చేరే నీరు తర్వాతి అంకం.

ఇది కాగితం మీది వాదనగా ఉండిపోలేదు. 2011లో అమెరికాలో ఒక పెద్ద ప్రయోగం ఫలితాలొచ్చాయి. స్పైనా బైఫిడా ఉన్న పిండాలకి, 26వ వారం లోపే, గర్భంలోనే వెన్ను కంత మూసేశారు. మిగతావాళ్ళకి పుట్టాక మూశారు. ఏడాది నిండేసరికి చిన్నమెదడు జారుడు అసలు లేని పిల్లలు, గర్భంలో మూసినవాళ్ళలో 36 శాతం, పుట్టాక మూసినవాళ్ళలో 4 శాతం. కంత మూస్తే గది పెరిగింది, మెదడు ఇంటికి వెళ్ళింది. దీనికి తల్లులు చెల్లించిన మూల్యం చిన్నదేమీ కాదు, నెలలు నిండకుండా కాన్పులు, గర్భాశయం మీద కోత మచ్చలు. అంతకన్నా చవకైన దారి 1991లోనే రుజువైంది. ఒకసారి ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులు, గర్భం రాకముందు నుంచీ ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటే, మళ్ళీ అలా పుట్టే ప్రమాదం 72 శాతం తగ్గింది. రూపాయిల్లో దొరికే మాత్ర. మన దగ్గర ఆ మాత్ర చాలామందికి గర్భం తెలిశాక గానీ చేతికి రాదు. వెన్ను మూసుకునే గడువు నాలుగో వారానికే అయిపోతుంది, చాలామందికి గర్భం వచ్చిందని తెలియకముందే.

మరి ఆ 5 మిల్లీమీటర్లు? అది ఎమ్మారై ఇచ్చిన వరం, శాపం కూడా. 1980ల్లో ఎమ్మారై వచ్చాక మొదటిసారి బతికున్న మనిషిలో టాన్సిల్స్ స్పష్టంగా కనపడ్డాయి. కనపడితే కొలవాలి కదా. 1985లో ఒక బృందం మామూలు మనుషులనీ కియారి రోగులనీ పోల్చి, 3 మిల్లీమీటర్ల దాకా మామూలే, 5 దాటితే రోగం అనుకోవచ్చు అంది. ఆ గీత అలా నిలిచిపోయింది. కానీ 1992లో వయసులవారీగా కొలిచి చూస్తే, పదేళ్ళలోపు పిల్లల్లో టాన్సిల్స్ సహజంగానే కాస్త కిందికి ఉంటాయని, వయసుతో పైకి పోతాయని తేలింది. వాళ్ళకి 6 దాకా కూడా మామూలే కావచ్చన్నారు. మిషిగన్‌లో 14 వేలకు పైగా పిల్లల ఎమ్మారైలు తిరగేస్తే 509 మందిలో, అంటే నూటికి మూడున్నర మందికి పైగా, ఈ 'కియారి' ఉంది. వాళ్ళలో చాలామందికి తీయించింది వేరే కారణానికి, మావాడికి లాగే.

ఇంకో వైపు నుంచి కూడా ఆ గీత విరిగింది. 1998లో అలబామా సర్జన్లు ఐదుగురు రోగుల గురించి రాశారు. వెన్నుపాము లోపల నీటి గొట్టం ఉంది (సిరింక్స్ అంటారు, గ్రీకులో పిల్లనగ్రోవి), కానీ టాన్సిల్స్ అసలు జారలేదు. అయినా పెడతల ఎముక తీసి చోటు చేస్తే గొట్టం తగ్గింది. దానికి 'కియారి సున్నా' అని పేరు పెట్టారు. జారకుండానే జారిన జబ్బు! ఈ పేరు విని నవ్వాను గానీ, ఇంతకన్నా నిజాయితీ ఉన్న ఒప్పుకోలు ఉండదు. జారిన దూరం అసలు విషయం కాదు. రంధ్రం దగ్గర నీరు అటూఇటూ తిరగ్గలుగుతోందా, గుండె కొట్టుకున్నప్పుడల్లా టాన్సిల్స్ పిస్టన్‌లా దిగి వెన్నుపాముని కొడుతున్నాయా, అదీ ప్రశ్న.

అందుకే పిల్లల విషయంలో ఇప్పుడు టాన్సిల్స్ వెనకనే కాదు, ముందు వైపు కూడా చూస్తున్నారు. 1999లో గ్రాబ్, ఓక్స్ బృందం ఇంకో గీత గీసింది, క్లైవస్ కొస నుంచి ఆక్సిస్ అడుగు వెనక మూలకి. ఆ గీత నుంచి పంటి మొన 9 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో వెనక్కి పొడుచుకొచ్చిందంటే మెదడు కాండం ముందు నుంచి నలుగుతోందని అనుమానించాలి. క్లైవస్‌కీ మెడకీ మధ్య కోణం 125 డిగ్రీల కన్నా తగ్గితే, వెనక ఎముక తీయడం ఒక్కటే సరిపోకపోవచ్చని, పుర్రెనీ మెడనీ కలిపి బిగించాల్సి రావచ్చని యూటా నుంచి 2012లో ఒక పరిశీలన వచ్చింది. ముంబైలో కేఈఎం ఆసుపత్రి సర్జన్ అతుల్ గోయెల్ ఇంకా దూరం పోయాడు. అసలు రోగం అట్లాస్-ఆక్సిస్ కీలు వదులవడమే, టాన్సిల్స్ దిగడం శరీరం పెట్టుకున్న ఎయిర్‌బ్యాగ్ లాంటిది, కీలు బిగిస్తే చాలు, ఎముక తీయనక్కర్లేదు అని. 2015లో 65 మంది రోగుల అనుభవం ప్రచురించాడు. ప్రపంచంలో ఎక్కువమంది న్యూరోసర్జన్లు దీన్ని ఒప్పుకోలేదు. ఆ కీలు బిగిస్తే మెడ తిరిగే శక్తిలో దాదాపు సగం పోతుంది, తొమ్మిదేళ్ళ పిల్లాడికి అది చిన్న విషయం కాదు. నాకు తీర్పు చెప్పే అర్హత లేదు. ఒకటి మాత్రం కనిపిస్తుంది. ప్రాగ్‌లో మెదడు మీద మొదలైన చూపు, నూట పాతికేళ్ళకి మెడ రెండో పూస దాకా దిగొచ్చింది.

ఇవన్నీ అక్కకి ఒకేసారి చెప్పలేదు. చెప్తే ఇంకో రెండు రాత్రులు నిద్ర పోయేది. పిల్లల న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్ళాక, ఆయన రిపోర్టులోని 6 వైపు పెద్దగా చూడలేదట. దగ్గితే, తుమ్మితే, గట్టిగా నవ్వితే పెడతలలో నొప్పి వస్తుందా అని పిల్లాణ్ణే అడిగాడు. మింగేటప్పుడు పొలమారుతుందా, రాత్రి ఊపిరి ఆగినట్టు గురకపెడతాడా అని అక్కని అడిగాడు. వేడివేడి గ్లాసు పట్టుకున్నా చేతికి తెలియకపోవడం ఉందా అన్నాడు. చొక్కా విప్పించి, ముందుకి వంగమని, వెన్ను పక్కకి వంగిందేమో చూశాడు. వెన్నుపాముకి కూడా ఒక ఎమ్మారై తీయించాడు. పిల్లనగ్రోవి లేదు. ఏడాది తర్వాత రమ్మన్నాడు.

మొన్న ఆ ఏడాది స్కాన్ అయింది. అదే 6. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు నా దగ్గర కూర్చుని, పెడతల కింద గుంటలో వేలు పెట్టుకుని, "మామా, అట్లాస్ ఇక్కడేనా?" అన్నాడు. ఇంకొంచెం లోపల అన్నాను. తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, మేడ మీద గాలిపటం తెగిందని ఎవరో అరిస్తే లేచి పరిగెత్తాడు.